కంపెనీ 'కుటుంబం'లో వాడ పిల్లోడు

ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు ఈమధ్య తమ 'పని సంస్కృతి' గురించి బాగా మాట్లాడుతున్నాయి. ఉద్యోగులందరం ఒకే కుటుంబమని గోడల మీద రాసుకుంటున్నాయి. ఉద్యోగంలో నీ అనుభవం ఎట్లా ఉంది, పదికి ఎన్ని మార్కులేస్తావని ఫారాలిచ్చి అడుగుతున్నాయి. నేను నింపిన ఫారంలో కులం అనే గడి లేదు. ఆ లేని గడినే మనం చదవాలి.

పరిశోధనలోకి రాకముందు రాజంపేటలో ఒక ఫైనాన్సు కంపెనీలో పద్నాలుగు నెలలు పనిచేసినాను. ఇంటర్వ్యూలో మేనేజరు నా డిగ్రీ మార్కులు చూడలేదు. "ఊర్లోనా, హరిజనవాడలోనా?" అన్నాడు. వాడే సార్ అంటే, "ఐతే వాడలన్నీ నీకు తెలుసుగదా, వసూళ్లకు మంచిది" అన్నాడు. నాతోపాటే, అదే డిగ్రీతో చేరిన అగ్రకులం పిల్లవానికి బంగారం తూకం, బీరువా తాళాలు ఇచ్చినారు. బంగారం ముట్టే చెయ్యి ఒకటి, బాకీ అడిగే నోరు ఒకటి. ఈ పంపకానికి కంపెనీ పెట్టుకున్న పేరు 'నమ్మకం'. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రమ చేసేవాళ్లనే విభజిస్తుందని అంబేద్కర్ 1936లో చెప్పింది దీన్నే.

గ్రూపు అప్పులో ఆడవాళ్లు ఒకరికొకరు జామీను. అంటే వాడలోని కలిసికట్టుతనమే తాకట్టు. నా చుట్టరికమూ అట్లనే తాకట్టయింది. వరసకు పిన్నమ్మ అయ్యే ఒకామె, కువైట్ నుంచి కొడుకు ఆ నెల డబ్బు పంపలేదనింది. కట్టేదాకా ఇంట్లోనే కూచోమన్నాడు మేనేజరు. "నిన్నైతే వాళ్లేమీ అనరు" అన్నాడు. కూచున్నాను. పిన్నమ్మ నాకు మంచినీళ్లిచ్చి ఒకే మాట అనింది: "షావుకారి జీతగాడు గూడా బయటనే నిలబడేటోడు నాయనా. నువ్వు లోపలికొచ్చి కూచుంటివి." ఆ మాటకు పదికి ఎన్ని మార్కులెయ్యాలి?

టార్గెట్ల బరువు అన్ని కులాల ఉద్యోగుల మీదా ఉందని మిత్రులంటారు. నిజమే. అయితే అందరూ తమ సొంతవాళ్ల గడపలోనే ఆ బరువు మొయ్యడంలేదు. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. బలవంతపు వసూళ్లు నేరమైనాయి, పలువురు సిబ్బంది అరెస్టయినారు. అప్పటి చర్చల్లో నేను చదివినంతవరకు వడ్డీ ఉంది, ఆత్మహత్యలున్నాయి. వసూలుకు పోయినోడు ఎవరు, వాన్నే ఎందుకు పంపినారనే ప్రశ్న లేదు.

ప్రభుత్వ బ్యాంకులు స్వర్గమని అనడంలేదు. 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వచ్చింది. అటువంటి బ్యాంకుల్లో మనవాళ్లు కుర్చీ ఎక్కితే 'కోటా' అనే ఎత్తిపొడుపూ ఉండింది. కానీ అక్కడ రోస్టరు ఉంది, ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘాలున్నాయి. మనిషి హక్కుతో లోపలికి పోయినాడు. నేను 'వాడ తెలిసినోడి'గా పోయినాను. తేడా ఇదే. రాజ్యాంగం 16(4) అధికరణం ప్రైవేటు గడప దాటదు. అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, కులం పేరుతో చేసిన అవమానం నలుగురి కంటబడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని హితేశ్ వర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మేనేజరు గదికి నాలుగు గోడలున్నాయి.

కాబట్టి ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అడిగేటప్పుడు ఎన్ని ఉద్యోగాలని మాత్రమే అడిగితే చాలదు. తాళాలు ఎవరి దగ్గర, బండి ఎవరి దగ్గర అని కూడా అడగాలి. ప్రతి కంపెనీ హోదాలవారీగా ఉద్యోగుల కులం లెక్క బయటపెట్టాలి. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసిన మనిషి వారసులం మనం. డబ్బు దగ్గర కులాన్ని అడగడానికి వెనకాడకూడదు.

అప్పు తీసుకున్నామె, వసూలుకు పోయినోడు ఒకే వాడవాళ్లు. వాళ్లను ఎదురెదురుగా కూచోబెట్టినవాడు మాత్రం ఆ ఇంట్లో లేడు. మన రాతల్లోనైనా వాడు కనపడాలి.