తెర మారింది, కథ మారిందా?

మన గూడేల్లో కొన్ని ఇళ్లలో కేబుల్ తీసేసి ఓటీటీ పెట్టుకుంటున్నారు. సిగ్నల్ అంది, రీచార్జి ఉంటే కోరిన సినిమా చూడవచ్చు. కానీ 2011 జనాభా లెక్కల్లో 29 లక్షలకు పైగా మంది తమ మాతృభాషగా చెప్పిన గోండీ అక్కడి భాషల వరుసలో కనిపించదు.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’నే చూద్దాం. కల్పిత కథే, కాదనం. మన కుమ్రం భీం అందులో వీరుడే. అయినా చివర్లో ఆయన రామరాజును చదువు అడుగుతాడు. జెండా మీద ‘జల్, జంగల్, జమీన్’ అని రాసేది రామరాజు. ఆ హక్కుల కోసమే పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడైన మనిషికి ఆ మాట ఇంకొకరు రాసివ్వాలా? చదువు కావాలి, మేమూ పంతుళ్లమే. చదువు రానివాడికి ఆలోచన కూడా రాదన్నట్టు చూపడమే మాకు మింగుడుపడదు.

కేబుల్‌లో ఆ దృశ్యం వచ్చినంత వేగంగా పోయేది. ఇప్పుడు ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. ఉపాధ్యాయ మిత్రులారా, అక్కడ ఆపండి. భీం కథ పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో చెప్పండి.