ఎడ్గార్ వాలెస్: ఋణము, గడువు, కథ

ఎడ్గార్ వాలెస్ పేరు విశ్వవిద్యాలయ పత్రికలో కనబడుట కొందఱికి రుచింపకపోవచ్చును. అపరాధపరిశోధన నవలపై పరిశోధన చేయదలచిన విద్యార్థి యొకడు కొన్నియేండ్ల క్రిందట నాయొద్దకు వచ్చినపుడు, అట్టి గ్రంథములకు విమర్శ యేల, విక్రయసంఖ్య చాలునని నేనే యతనిని మఱలించితిని. ఆ మాట తప్పని యిపుడు తోచుచున్నది. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి పేరు వచ్చినపుడు మనము వేయి నవలలని చెప్పి ఊరకుందుము; ఆ వేయింటిలో ఒకదానినైనను విప్పి చూడము. వాలెస్ విషయమున ఆంగ్లేయులు చేసినదియు ఇంతకంటె భిన్నము కాదు. నూటడెబ్బదికి మించిన నవలలు, విపరీతమైన ధనము, అంతకు మించిన దుబారా - ఇదియే అతనిని గూర్చిన విమర్శగా చెల్లుబడియైనది. ఆ ధనమునే, సరిగా చెప్పవలెనన్న ఆ ఋణమునే, అతని కథానిర్మాణమునకు కారణముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వాలెస్ 1875 ఏప్రిల్ 1వ తేదీన గ్రీనిచ్‌లో జన్మించెను. తల్లి పాలీ రిచర్డ్స్ నటి, తండ్రియు నటుడే, వారికి వివాహము లేదు. శిశువు బిల్లింగ్స్‌గేటు చేపల అంగడిలో కూలియైన జార్జి ఫ్రీమన్ యింట పెరిగెను. పండ్రెండవ యేట బడి విడిచి, లడ్‌గేటు సర్కస్ కూడలిలో వార్తాపత్రికలు అమ్మెను. పిదప సైన్యమున చేరి దక్షిణాఫ్రికాకు పోయి, అచట విలేఖరి యయ్యెను. 1902లో బోయరు సంధిచర్చలు రహస్యముగా సాగుచుండగా, శిబిరమునకు కావలియున్న మిత్రుడు రంగురుమాళ్లతో సంజ్ఞ చేయ, రైలులో పోవుచు దానిని చూచి, సంధి కుదిరిన వార్తను అందఱికంటె ముందు లండనుకు చేర్చెను. సేనాధిపతి కిచనర్ ఆగ్రహించెను. విలేఖరికి గడువే ప్రాణము. ఆలస్యమైన వార్త వార్త కాదు. ఈ శిక్షణ వాలెస్‌ను కడవఱకు విడువలేదు.

1905లో «ది ఫోర్ జస్ట్ మెన్» అను నవలను టాలిస్ ప్రెస్ పేర తానే ప్రకటించుకొనెను. విదేశాంగమంత్రి సర్ ఫిలిప్ రామన్ ఒక శాసనమును ప్రతిపాదించును. దానిని ఉపసంహరింపనియెడల చంపుదుమని నలుగురు అజ్ఞాతవ్యక్తులు హెచ్చరించి, కాలమును గూడ నిర్ణయింతురు. రక్షకభటులు చుట్టును కాచియుండగా, మూసిన గదిలో, చెప్పిన వేళకే మంత్రి మరణించును. ఎట్లు మరణించెనో పాఠకులే ఊహింపవలెను. ఊహించినవారికి 500 పౌండ్ల బహుమతులని నగరమెల్ల ప్రకటనలు వెలసినవి. కాని సరియైన సమాధానము పంపినవారు ఎందఱైనను అందఱికిని చెల్లింపవలసి వచ్చునట్లు నిబంధన వ్రాయబడియుండెను! పుస్తకము విరివిగా అమ్ముడుపోయెను; అమ్ముడైన కొలది నష్టము పెరిగెను. తుదకు «డైలీ మెయిల్» యజమాని ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అప్పిచ్చి పరువు కాపాడవలసి వచ్చెను. గ్రంథముపై హక్కు నూఱు పౌండ్లకు లోబడిన మూల్యమునకు అన్యులపాలయ్యెను.

ఈ వృత్తాంతమును హాస్యకథగా చెప్పుట వాడుక. నాకు మాత్రము ఇందు అతని శిల్పరహస్యము గోచరించుచున్నది. ఈ నవలలో హంతకు లెవ్వరో పాఠకుడు మొదటినుండియు ఎఱుగును. అతనిని చదివించునది గడియారము. మరణోపాయము దూరవాణి తీగెలో ప్రవహించిన విద్యుత్తని తెలిసిన పిమ్మట, ఇంతేనా యనిపించును. కాని ఆ గంట కొట్టులోపల మంత్రి పడిన వేదన, ఊరివారి ఉత్కంఠ, పోలీసుల నిస్సహాయత స్మృతిని వీడవు. అప్పులవాడు వాయిదా దినము నెదురుచూచునట్లు రామన్ ఎనిమిదవ గంట నెదురుచూచును. కోనన్ డాయిల్ కథలలో ఉత్కంఠ జరిగిపోయిన నేరముపై నిలుచును; వాలెస్ దానిని జరుగబోవు నేరముపైకి మఱల్చెను. ఆధునిక ఉత్కంఠనవల ఈ మలుపునకు ఋణపడియున్నది.

అతని రచనావేగమును గూర్చి అందఱును వ్రాసిరి. కథను యంత్రమున మైనపు గొట్టములపై చెప్పుచుండగా, కార్యదర్శి రాబర్ట్ కర్టిస్ విని టైపు చేయుచుండెను. షికాగో దొంగలముఠాలపై వ్రాసిన «ఆన్ ది స్పాట్» నాటకము నాలుగు దినములలో ముగిసెనని ప్రసిద్ధి. 1930 నాటి దాని ప్రదర్శనలో చార్లెస్ లాటన్ ప్రధానపాత్ర ధరించెను. ఇంత వేగమే దోషమని పాశ్చాత్యవిమర్శకు లందురు. ఆశువునకు అలవాటుపడిన మనము అట్లనలేము. మన అవధానులు వేగమును గుణముగా నిలిపిరి. కాని ఛందస్సు వారికి కట్టు, తుదిని ధారణ వారికి పరీక్ష. మొదట చెప్పిన పాదమును నూఱుగురి యెదుట మరల అప్పగింపవలసినవాడు దేనిని గాని అనవసరముగా చెప్పడు. వాలెస్‌కు ధార కలదు, ధారణ లేదు. అందువలననే పూర్వార్ధమున విసరిన సూత్రములు పెక్కు ఉత్తరార్ధమున అందుకొనువారు లేక వ్రేలాడుచుండును.

దీనికి ఒక విలువైన అపవాదము కలదు. 1925లో వెలువడిన «ది గాంట్ స్ట్రేంజర్» నవలను అతడు మరుసటియేట «ది రింగర్» అను పేర నాటకముగా మలచెను. ప్రయోక్త జెరాల్డ్ డ్యూ మారియర్ సూచనలతో దానిని దిద్దెను; నాటకము విజయమందినపిమ్మట నవలనే తిరిగి వ్రాసెను. గడువును పొడిగించి అతనిచే రెండవమాఱు ఆలోచింపజేసినవాడు ఒకడు దొరికెనన్నమాట. ఈ మూడు రూపములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచుట పరిశోధకునకు మంచి పని.

1911 నాటి «సాండర్స్ ఆఫ్ ది రివర్» మొదలగు ఆఫ్రికా కథలను మాత్రము నేను సమర్థింపజాలను. కథనమున నేర్పు కలదు. కాని కొరడాయు ఉరికంబమును చేతబట్టిన దొరను తండ్రిగాను, నల్లజాతివారిని పసివారుగాను చూపు ఆ దృష్టిని, కలెక్టరుదొరల పాలనను ఎఱిగిన జాతివారము, కాలధర్మమని సరిపెట్టుకొనలేము. 1907లో కాంగోకు పోయి లియొపోల్డు రాజు దౌర్జన్యములపై విచారించి వచ్చినవాడే ఇవి వ్రాయుట విచిత్రము.

ఇక ధనము. 1920 తరువాతి దశకమున ఆంగ్లదేశమున అమ్ముడగు నాలుగు పుస్తకములలో ఒకటి వాలెస్‌దని ప్రకాశకులు చాటిరి. అది ప్రకటనవాక్యమని మఱువరాదు. ధనము వచ్చిన మాట సత్యము. పందెపు గుఱ్ఱములు, నాటకప్రదర్శనములు, ఆతిథ్యములు దానిని నిలువనీయలేదు. 1931లో బ్లాక్‌పూల్ నుండి లిబరల్ అభ్యర్థిగా పార్లమెంటుకు పోటీచేసి ఓడెను. ఆ వత్సరాంతముననే హాలీవుడ్ చేరి, ఆర్కేఓ సంస్థ కొఱకు «కింగ్ కాంగ్» చిత్రకథకు తొలి ప్రతిని వ్రాసెను. 1932 ఫిబ్రవరి 10వ తేదీన మధుమేహముతోడి న్యుమోనియా వలన బెవర్లీ హిల్స్‌లో మరణించెను. చిత్రమును చూడలేదు. మిగిలినవి గొప్ప ఋణములు. పుస్తకములపై వచ్చిన ఆదాయముతో అవి రెండేండ్లలో తీఱినవి. 1959 నుండి పశ్చిమజర్మనీలో రియాల్టో సంస్థ అతని కథలను వరుసగా చలనచిత్రములుగా తీసినది. అప్పటికి స్వదేశమున అతనిని చదువువారు పలుచబడిరి.

నేను మఱలించిన విద్యార్థి ప్రబంధసాహిత్యముపై పట్టము పొంది ఒక కళాశాలలో బోధించుచున్నాడు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు అతని బీరువాలో నేటికిని ఉన్నవని ఈ మధ్య తెలిసినది. అరువడిగి చదువవలెనని యున్నాను.