రెండు కర్రలు, ఒక తాడు, బంగాళాఖాతం

ఐదడుగుల కర్రలు రెండు, వాటిని కలుపుతూ అంతే పొడవు తాడు ఒకటి. సముద్రతీరం ఎత్తుపల్లాలు కొలవడానికి ఇంతకు మించి సామాను అక్కర్లేదని అమెరికన్ శాస్త్రవేత్త కె.ఓ. ఎమరీ 1961లో రాశాడు. కర్రల మీద పైకొసను సున్నాగా పెట్టుకుని కిందికి గీతలు గీసి ఉంటాయి. ఒకరు గట్టువైపు, ఇంకొకరు నీటివైపు నిలబడి తాడును బిగుతుగా పట్టుకుంటారు. గట్టువైపు మనిషి తన కర్ర పక్కన కన్ను మెల్లగా దించుకుంటూ వస్తాడు. ముందున్న కర్ర కొస, దూరాన ఆకాశమూ సముద్రమూ కలిసే గీత ఒకే వరసలోకి రాగానే ఆగి తన కర్ర మీద అంకె చదువుతాడు. ఆ ఐదడుగుల దూరంలో ఇసుక ఎంత దిగిందో ఆ అంకె చెబుతుంది. మధ్యలో ఇసుక దిబ్బ లేచిన చోట పద్ధతి తారుమారవుతుంది. అక్కడ వెనక కర్ర కొస మీదుగా చూసి ముందు కర్ర మీది అంకె చదవాలి. ఇలా కొలుచుకుంటూ మోకాటిలోతు నీళ్ల దాకా వెళ్తే, ఆ రోజు ఆ తీరం రూపం గ్రాఫు కాగితం మీదికి వచ్చేస్తుంది. లెవెలింగ్ యంత్రం లేకపోయినా ఫరవాలేదు, మట్టం చూపించే పని సముద్రమే చేస్తుంది.

భౌతిక భూగోళశాస్త్రం, సముద్రశాస్త్రం చదవడానికి డిగ్రీలో చేరిన పిల్లల చేత మొదటి నెలలోనే ఈ పని చేయించాలని నా అభిప్రాయం. పైగా ఒక్కసారి చేయించి ఊరుకోకూడదు. ఒక్కసారి కొలిస్తే చేతికొచ్చేది బొమ్మ మాత్రమే. అదే గుర్తురాయి దగ్గర మొదలుపెట్టి, అదే వరసలో, పక్షానికోసారి ఏడాది పొడవునా కొలిస్తే తీరం ఎలా బతుకుతోందో తెలుస్తుంది. నైరుతి రుతుపవనాల పెద్ద అలలు ఇసుకను తోడుకుపోయి నీటి లోపల గట్టుగా పోయడం, సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్నే మళ్లీ ఒడ్డుకు చేర్చడం గీతల్లో కనిపిస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు బాగా తీస్తుంది కాబట్టి ఆ రోజులు ఎంచుకుంటే ఎక్కువ తీరం కొలతకు దొరుకుతుంది.

ఈ చదువుకు మన దగ్గర గట్టి పునాదే ఉంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇంటి ముంగిటే సముద్రం. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా విశాఖలోని వాల్తేరు వచ్చాడు. స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేసిన మనిషి. ఆయన భార్య కేథరిన్‌ది కూడా ఇదే శాస్త్రం. ఆయన 1955లో మళ్లీ వచ్చాడు. ఇక్కడి అధ్యాపకులు, విద్యార్థులు ఆయనతో కలిసి వాల్తేరు బీచిలో ఇసుక రాకపోకలు కొలిచారు, తీరం వెంట నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహాలు లెక్కగట్టారు, నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతంలోకి వెళ్లారు. ఆ పరిశోధనలు 1954లోనూ 1958లోనూ విశ్వవిద్యాలయం ప్రచురణలుగా వెలువడ్డాయి. తర్వాత 1963లో, అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనల కాలంలో, ‘ఆంటన్ బ్రూన్’ ఓడ మీద నుంచి తూర్పుతీరానికి అవతల సముద్రగర్భంలో మూడు లోయలను గుర్తించి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. సి. మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. నీటి అడుగున మన పేర్లతో లోయలున్నాయని తెలుగు డిగ్రీ విద్యార్థికి మొదటి పాఠంలోనే చెప్పాలి.

కొండను ఒక పేపరుగా, సముద్రాన్ని వేరే పేపరుగా చదివించడం పరీక్షల సౌకర్యం కోసమే. విశాఖ ఇసుకను పిడికెడు తీసుకుని చూస్తే ఆ విభజన నిలవదు. తూర్పు కనుమల్లోని ఖోండలైటు రాయిలో గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలుంటాయి. రాయి ఎండకూ వానకూ పొడి అయ్యి, వాగుల వెంట సముద్రం చేరుతుంది. అలలు తేలికైన క్వార్ట్జును కడిగేసి, బరువైన గార్నెట్, ఇల్మనైట్‌ను ఒకచోట మిగులుస్తాయి. విశాఖ నుంచి భీమిలి దాకా ఇసుకలో కనిపించే ఎర్రని, నల్లని చారలు అవే. ల్యాబులో ఎండబెట్టిన వంద గ్రాముల ఇసుకను జల్లెడల దొంతరలో పోస్తారు. పెద్ద కన్నాల జల్లెడ పైన, సన్నవి కింద. పావుగంట ఊపి ఏ జల్లెడలో ఎంత మిగిలిందో తూస్తారు. కర్రలతో కొలిచిన వాలుకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. ముతక ఇసుకలో ఒడ్డెక్కిన నీరు ఇంకిపోతుంది, వెనక్కి మళ్లే నీటికి బలం చాలక తెచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. అందుకే ముతక ఇసుక తీరం నిటారుగా ఉంటుంది. సన్న ఇసుకలో నీరు అంతగా ఇంకదు, వచ్చినంతా వెనక్కి లాగేసి తీరాన్ని చదును చేస్తుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఈ చదువుకు దొరికిన గొప్ప తరగతి గది. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. ఇవాళ ఓడలు తిరిగే చోట అప్పుడు నేల. గాలి, వాగులు, పెరిగి తగ్గిన సముద్రం కలిసి పోగుచేసిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబారి, వానకు గండ్లు పడి ఈ రూపం తేలింది. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో ఈ దిబ్బలకు చోటు దక్కింది. అక్కడ నిలబడిన విద్యార్థికి సముద్రమట్టం స్థిరమైనది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

అలలను చదవడానికి గడియారం చాలు. నీటిలో ఒక గుంజను గుర్తు పెట్టుకుని, మొదటి అలకొస దాన్ని దాటినప్పటి నుంచి పదకొండోది దాటేదాకా సమయం చూసి పదితో భాగించాలి. అది పది సెకన్లు వచ్చిందనుకుందాం. లోతు నీటిలో అల పొడవు, ఆ సెకన్ల వర్గాన్ని 1.56తో గుణిస్తే వస్తుంది: 156 మీటర్లు. అందులో సగం, అంటే 78 మీటర్ల లోతు దగ్గర నుంచే అల అడుగు నేలను పసిగట్టడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వేగం తగ్గి, వంగి, డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండకొసల మీద తన బలమంతా కుమ్మరిస్తుంది. తీరం వెంట నీరు ఎటు లాగుతోందో తెలియాలంటే ఒక నారింజపండు విసిరితే చాలు. అది చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలి ప్రభావం తక్కువ, నీటి వెంటే పోతుంది. ముప్పై మీటర్లు ఎంతసేపట్లో దాటిందో చూసుకోవాలి.

తీరం దాటి లోపలికి వెళ్తే పద్ధతులు మారతాయి. ఇప్పుడు ఓడ మీద నుంచి సీటీడీ పరికరం దించితే వేడి, ఉప్పదనం, లోతు కంప్యూటరు తెర మీదికి వరసగా వచ్చేస్తాయి. అయినా పాత నాన్సెన్ సీసా పనితీరు ప్రతి విద్యార్థీ నేర్చుకోవాలని నేను పట్టుబడతాను. రెండు కొసలూ తెరిచి ఉన్న లోహపు గొట్టాన్ని తీగకు కట్టి దించుతారు. పై నుంచి ఇత్తడి బరువు ఒకటి తీగ వెంట జారవిడిస్తే, అది తగలగానే గొట్టం తలకిందులై మూతలు పడిపోతాయి. ఆ లోతు నీరు లోపల బందీ. గొట్టానికి తగిలించిన థర్మామీటరు కూడా తిరగబడుతుంది, అందులో పాదరసం అక్కడికక్కడే తెగి ఆ లోతులోని వేడిని పట్టి ఉంచుతుంది. పక్కనే ఇంకో థర్మామీటరు ఉంటుంది. దానికి నీటి ఒత్తిడి నుంచి రక్షణ ఉండదు. ఒత్తిడికి అది ప్రతి వంద మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. రెండింటి తేడా నుంచి సీసా నిజంగా ఎంత లోతుకు దిగిందో లెక్క తేలుతుంది. ప్రవాహానికి తీగ వాలిపోయినా మోసం జరగదు. ఒక పొరపాటునే కొలతగా మార్చుకున్న ఈ ఉపాయం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ల్యాబులో ఆ నీటికి పొటాషియం క్రోమేటు కలిపి, బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేటు చుక్కచుక్కగా పోస్తారు. పసుపు రంగు ఎర్రమట్టి రంగుకు తిరిగేచోట ఆపి క్లోరిన్ పాళ్లు లెక్కగట్టి, 1.80655తో గుణిస్తే ఉప్పదనం వస్తుంది. ప్రపంచ సముద్రాల సగటు కిలో నీటికి 35 గ్రాములు. బంగాళాఖాతం ఈ సగటుకు లొంగదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఐరావతి తెచ్చే నీరు, పైన కురిసే వాన కలిసి, వర్షాకాలం ముగిసేసరికి ఉత్తరపు కొసన పైనీటి ఉప్పదనం 30 గ్రాములకంటే కిందికి పడిపోతుంది.

ఈ అంకెలు గ్రాఫు మీద పెట్టే పద్ధతిని నార్వే శాస్త్రవేత్త హెలాండ్ హాన్సెన్ 1916లో ఇచ్చాడు. నిలువునా వేడి, అడ్డంగా ఉప్పదనం. ఒక్కో లోతుకూ ఒక్కో చుక్క. చుక్కలన్నీ కలిపితే, బంగాళాఖాతంలో లోతునీటి చుక్కలు 35 దగ్గర ఒక్క గీతగా గుమిగూడతాయి, పైనీటి చుక్కలు మంచినీటి వైపు బారులు తీరి పోతాయి. మజ్జిగ మీద తేరిన తేటలా ఈ పలచని నీరు పైనే నిలిచిపోతుంది. ఎంత గాలి వీచినా కింది చల్లనీరు తొందరగా పైకి రాదు. తుఫాను తన దారిలో సముద్రాన్ని కలియబెట్టి చల్లబరిస్తే తనే బలహీనపడాలి. ఇక్కడ ఆ చల్లబడడం తక్కువ. వర్షాకాలం వెళ్లాక అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి పెద్ద తుఫాన్లు రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తేదీలు మనకు కంఠస్థం. వాటి వెనక నీటి పొరల కథ కూడా అంతే బాగా తెలియాలి.

గాలి తీరానికి సమాంతరంగా వీచినా నీరు దానివెంటే పోదు. భూభ్రమణం వల్ల మన అర్ధగోళంలో పైపొర నీరు మొత్తం మీద గాలికి కుడివైపు జరుగుతుందని ఎక్‌మన్ అనే శాస్త్రవేత్త 1905లో సిద్ధాంతీకరించాడు. నైరుతి గాలికి ఆంధ్ర తీరంలో కుడివైపంటే సముద్రం లోపలికి. పైనీరు అటు తొలగితే అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు లేస్తుంది. లాఫాండ్ బృందం వాల్తేరు దగ్గర గమనించింది దీన్నే. ఈశాన్య గాలుల కాలంలో ఇదంతా తిరగబడి నీరు ఒడ్డుకు చేరుతుంది. విశాఖలో నెలసరి సగటు సముద్రమట్టం మార్చి ప్రాంతంలో అన్నిటికంటే కిందా, అక్టోబరు–నవంబరుల్లో అన్నిటికంటే పైనా ఉండడానికి గాలి, నీటి సాంద్రత, ప్రవాహాలు అన్నీ కారణాలే. రెండిటి మధ్య తేడా అడుగుకు పైనే. కర్రలతో కొలిచేవాళ్లు నెలను గుర్తుంచుకోకపోతే, నీటిగీత ముందుకొచ్చిందని తీరం కోసుకుపోయినట్టు రాసేస్తారు.

పటం విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనమంతా బడిలో చదువుకున్నాం. ఈమధ్య లెక్కలో అది 1,053 కిలోమీటర్లయింది. కొత్త నేల పుట్టలేదు. పాత లెక్క 1970లలో 45 లక్షల వంతు స్కేలు పటాల మీద తీసింది. కొత్తది రెండున్నర లక్షల వంతు పటాల మీద తీసింది. స్కేలు పెద్దదయ్యేకొద్దీ వంపులు, పాయలు, లంకలు గీతలోకి వచ్చాయి. స్కేలు అంటే ఏమిటో చెప్పడానికి దీన్ని మించిన పాఠం లేదు.

ఈ చదువుతో జనం బతుకులకు సూటిగా సంబంధం ఉంది. తూర్పుతీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. 1933లో విశాఖ రేవు తెరిచినప్పుడు ఆ ఇసుక రేవులోకి చొరబడకుండా పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డం నిలిపారు. తర్వాత ఔటర్ హార్బర్ అడ్డుగోడలు వచ్చాక ఉత్తరానికి చేరవలసిన ఇసుక ఆగిపోయింది. దాన్ని తవ్వి ఆర్.కె. బీచి వైపు పోయాల్సివస్తోంది. కాకినాడ దగ్గర ఇదే నడక హోప్ ఐలాండ్‌ను సుమారు 16 కిలోమీటర్ల ఇసుకపట్టెగా పెంచితే, దానికి ఉత్తరాన ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు కోతకు గురవుతున్నాయి. నదుల మీద ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టా అంచుకు అందే మట్టి తగ్గింది. ఎక్కడ గోడ కట్టాలి, ఎక్కడ ఇసుక పోయాలి అని నిర్ణయించేటప్పుడు ఏళ్ల తరబడి తీసిన కొలతలు చేతిలో ఉండాలి. చాలాచోట్ల అవి లేవు.

అందుకే డిగ్రీలో క్షేత్రపర్యటనను ఒక బస్సు యాత్రగా, రికార్డును సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించే పనిగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. డబ్బు లేదన్న మాట ఒప్పుకోలేను. కర్రలు, తాడు, జల్లెడలు, గడియారం ఖరీదు ఎంతని? లోతు సముద్రం కొలతలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఆర్గో తేలుడు యంత్రాలు వెయ్యి మీటర్ల లోతున తిరుగుతూ, సాధారణంగా పదిరోజులకోసారి రెండు వేల మీటర్లు దిగి, పైకి వస్తూ కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఆ సమాచారాన్ని అందిస్తోంది. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపలు దొరికే తావుల సూచనలు ఇచ్చేదీ ఆ సంస్థే. బంగాళాఖాతంలో ఒక యంత్రం పంపిన అంకెలు తీసుకుని హెలాండ్ హాన్సెన్ గ్రాఫు గీయడం రెండో ఏడాది విద్యార్థికి ఒక మధ్యాహ్నం పని.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరానికి దగ్గరలో ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీ ఒక కిలోమీటరు బీచిని తీసుకుని, మూడు గుర్తురాళ్లు పాతుకుని, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు కొలతలు అప్పగించుకుంటూ పోవాలి. ప్రతి కొలత పక్కనా తేదీ, సమయం, పోటో పాటో, గాలి దిక్కు, అల సెకన్లు, కొలిచినవాళ్ల సంతకం ఉండాలి. గుర్తురాయి కొట్టుకుపోతే కొత్తది ఎప్పుడు, ఎంత దూరంలో వేశారో రాయాలి. ఆ రికార్డు ఒక ప్రతి కాలేజీ లైబ్రరీలోనూ, ఇంకొకటి ఆ ఊరి పంచాయతీ కార్యాలయంలోనూ ఉండాలి.