గుర్రం గుడ్డు అమ్మినవాడు

పరమానందయ్య శిష్యుల కథల్లో గుర్రం గుడ్డు కథ మనందరం విన్నదే. గురువుగారికి గుర్రం కోసం బయల్దేరిన శిష్యులకు ఒకడు గుమ్మడికాయ చూపించి, ఇది గుర్రం గుడ్డని అంటగడతాడు. దారిలో కాయ జారిపడి పగులుతుంది. ఆ చప్పుడుకి పొదలోంచి కుందేలు లేచి పరిగెడుతుంది. అదే తమ గుర్రప్పిల్ల అనుకుని శిష్యులు వెంటబడతారు. 18వ శతాబ్దంలో బెస్కీ తమిళంలో రాసిన పరమార్థ గురువు కథల్లోనూ ఇది ఉంది.

నవ్వంతా కొన్నవాళ్ళ మీదే. అమ్మినవాడు డబ్బు మొలలో దోపుకుని కథలోంచి తప్పుకున్నాడు, కథ కూడా వాడి వెంట వెళ్ళలేదు. సంతలో అడ్డపిక్కలకీ చింతపండుకీ షావుకారు చెప్పిందే తూకంగా బతికినవాళ్ళకి ఇక్కడ నవ్వు సగమే వస్తుంది. మా పెద్దలు ఈ కథ విని ముందు అడిగేది, కాయ ఎంతకి అమ్మాడూ అని.

స్కాట్లండు కొండల్లో దీనికి ఎదురుకథ ఉంది. హాగిస్ అంటే అక్కడివాళ్ళ వంట. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్లూ కొవ్వూ ఉల్లిపాయా కలిపి, గొర్రె పొట్టసంచిలో కుట్టి ఉడికిస్తారు. వచ్చిన పరాయివాళ్ళకి మాత్రం అదొక అడవి జంతువని చెప్తారు. ఒకవైపు కాళ్ళు పొట్టి, రెండోవైపు పొడుగు. అందుకే కొండ చుట్టూ ఒకే దిక్కున పరిగెడుతుందట. పట్టుకోవాలంటే ఎదురు తిరిగి నడిస్తే చాలు, దొర్లి పడిపోతుంది. గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో దాని బొమ్మ కూడా పెట్టారు. 2003లో ఒక హాగిస్ కంపెనీ అమెరికా యాత్రికుల్ని అడిగిస్తే, మూడోవంతు మంది అది జంతువేనన్నారు.

ఇక్కడ మోసపోయేది కింద నుంచి కొండెక్కినవాడు. కథకి బలం కూడా కొండే, ఏటవాలు నేల మీద నడిచి ఎరిగినవాడికే ఆ కాళ్ళ లెక్క తడుతుంది. అయినా దీన్ని పూర్తిగా మెచ్చుకోలేను. అదే కొండల్లో 18, 19 శతాబ్దాల్లో భూస్వాములు గొర్రెల మేత కోసం ఊళ్ళకి ఊళ్ళని ఖాళీ చేయించారు. వెళ్ళగొట్టబడినవాడి నవ్వు ఈ కథలో ఎంతుందో, బొమ్మలు అమ్మే కొట్టువాడిది ఎంతుందో విడదీయడం కష్టం.

మన దగ్గరా అలాంటిదే మొదలైంది. శీతాకాలం వస్తే నర్సీపట్నం మీదుగా కార్లు లంబసింగికి ఎక్కుతాయి. కాశ్మీరులా మంచు కురుస్తుందని విని వస్తారు. ఉండేది పొగమంచు, బాగా చలేస్తే గడ్డి మీద తెల్లని పేరు. ఆ ఊరికే కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోయాడని కథ. కొండవాడు కిందవాణ్ణి ఆటపట్టించడానికి సరిపోయే కథే అది. ఇప్పుడది టూరిస్టు కరపత్రాల్లో రెండు లైన్లకి కుదించుకుపోయి, చెప్పినవాడి గొంతు లేకుండా, ఊరి పేరుకి అర్థంగా మిగిలింది. చెప్పేటప్పుడు ఎవరు కన్నుగీటేవారో, ఎక్కడ ఆగేవారో, ఆ పడుకున్నవాడు ఎవరిగా చెప్పేవారో రాసుకోవలసినవాళ్ళం మనం. చింతపల్లి సంతలో అడిగితే ఇంకా చెప్పేవాళ్ళున్నారు.