అమీర్‌పేట పాఠములలో పాత ప్రోగ్రాముల స్థానము

అమీర్‌పేటలో మైత్రీవనము దగ్గర నిలిచి తలయెత్తి చూచినచో శిక్షణ సంస్థల బోర్డులే బోర్డులు. కొత్తగా వచ్చిన కంప్యూటరు భాషల పేర్లు వాటిపై పెద్ద అక్షరములలో కనబడును. పట్టభద్రులు ఊళ్ల నుండి వచ్చి, అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్లలో బస చేసి, కొద్ది నెలలలో ఉద్యోగమునకు పనికివచ్చు విద్య నేర్చుకొనుచున్నారు. తక్కువ ఖర్చుతో ఎందరికో దారి చూపిన గౌరవము ఈ సందులకు దక్కవలసినదే. అయినను ఈ బోధనలో ఒక లోపము కలదు. విద్యార్థికి చాలవరకు ఖాళీ పలక నిచ్చి కొత్త ప్రోగ్రాము వ్రాయుమందురు. ఉద్యోగములో చేతికి వచ్చునది తరచుగా పలువురు వ్రాసి, దిద్ది, విడిచిపోయిన పాత పలక.

ఈ సందులకు పేరు తెచ్చిన పనులలో ఒకటి పాత ప్రోగ్రాముల మరమ్మతే యగుట గమనింపదగినది. 1990వ దశకము చివర ఇక్కడ కోబాల్ భాషను, మెయిన్‌ఫ్రేము యంత్రముల పనిని నేర్చినవారు అనేకులు విదేశ సంస్థల లెక్కలను 2000 సంవత్సరమునకు సిద్ధపరచు పనిలో చేరిరి. కోబాల్ 1959లో వ్యాపార లెక్కల కొరకు రూపొందిన భాష. ఆనాడు యంత్రముల జ్ఞాపకస్థలము మిక్కిలి ఖరీదైనది. ఒక కార్డుపై 80 గడులు మాత్రమే యుండెడివి. కనుక సంవత్సరమును రెండంకెలతో సరిపెట్టిరి. దాని ఫలితము చూడుడు. 1965లో పుట్టినవాని వయస్సు 1999లో కట్టిన, 99 నుండి 65 పోగా 34. 2000లో కట్టిన, 00 నుండి 65 పోగా −65. ఋణచిహ్నమునకు తావులేని గడిలో అది 65గా నిలుచును. 35 ఏండ్లవాడు వృద్ధాప్యపు పింఛనుకు అర్హుడగును!

దీనికి రెండు చికిత్సలుండెను. సంవత్సరమును నాలుగంకెలకు పెంచుట మొదటిది. ఇది శాశ్వతము, కాని ఆ దస్త్రమును చదువు ప్రతి ప్రోగ్రామును ఒక్కసారిగా మార్చవలెను. ఒకటి మరచినను అది తప్పు గడిని చదువును. రెండవది, దస్త్రమును ముట్టక, 00 నుండి 49 వరకు 2000లలోనివనియు, 50 నుండి 99 వరకు 1900లలోనివనియు చదువునట్లు ప్రోగ్రామునకు సూత్రము చెప్పుట. పాత దస్త్రములు, వాటిపై ఆధారపడిన ఇతర ప్రోగ్రాములు చెక్కుచెదరవు. అందుచే ఇది త్వరితము, చౌక. కాని 1948లో పుట్టినవాడు ఈ సూత్రము ప్రకారము 2048లో పుట్టవలసినవాడగును. సరకుల చీటీల తేదీలకు సరిపోవు సూత్రము పుట్టిన తేదీలకు సరిపోదు. పైగా దానికి గడువు కలదు. రెండంకెల సంవత్సరమును 19 వరకే గుర్తించు సూత్రము గల స్ప్లంక్ అను సాఫ్ట్‌వేరును 2020 జనవరి 1కి ముందే సరిదిద్దుకొనవలెనని దాని సంస్థ 2019 నవంబరులో హెచ్చరింపవలసి వచ్చినది. చికిత్స చేయుట తప్పు కాదు. దాని గడువును తరువాతివారికి వ్రాసి యుంచకుండుటయే తప్పు.

పాతదానిని కాపాడుట యన్నంత మాత్రమున పాత యంత్రమును కౌగిలించుకొని యుండుట కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కొరకు వ్రాసిన ప్రోగ్రాములను దాని వారసులైన నేటి మెయిన్‌ఫ్రేములపై నడుపుటకు వీలున్నది. లోపలి పరికరములు పూర్తిగా మారినవి. ప్రోగ్రామునకు ఇచ్చిన మాట నిలిచినది.

దత్తాంశమును భద్రముగా తరలించినంతనే ఈ మాట నిలువదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటనులోని టి.ఎస్.బి. బ్యాంకు తన 50 లక్షలకు పైగా ఖాతాదారుల లెక్కలను కొత్త వ్యవస్థకు మార్చినది. దత్తాంశము సరిగానే చేరినది. కాని కొత్త వ్యవస్థ వెంటనే తడబడెను. అనేకులు తమ ఖాతాలను తాము చూచుకొనలేకపోయిరి. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుపై 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా విధించినవి.

దీనికి భిన్నమైన ఉదాహరణము అమీర్‌పేటలోనే కలదు. మెట్రో రైలు స్తంభములు లేచిన కాలమున ఇరుకులు, మళ్లింపులు ఎన్ని యున్నను క్రింది రాకపోకలు సాగుచునే యుండెను. 2017 నవంబరులో నాగోలు, మియాపూరు వైపుల నుండి రైళ్లు అమీర్‌పేటకు చేరినవి; పంజగుట్ట మీదుగా ఎల్.బి.నగర్ వరకు మార్గము 2018 సెప్టెంబరులో తెరచిరి. ప్రయాణికులు తమ వీలునుబట్టి కొత్త దారికి మళ్లిరి. అయితే ఈ పోలికను ఎంతవరకో అంతవరకే గ్రహింపవలెను. రోడ్డు, రైలు రెండును ఎప్పటికిని ఉండవచ్చును. పాత, కొత్త ప్రోగ్రాములు రెంటిని ఎప్పటికిని పోషించుట భారము. ఎవరును వాడని దారిని ముందుగా తెలియజేసి మూయుటయు ఈ విద్యలో భాగమే.

అమీర్‌పేట పాఠములలో చేర్చవలసినది మరియొక కొత్త భాష కాదు, ఒక అభ్యాసము. పాత ప్రోగ్రామునకు ఇచ్చిన లెక్కలనే కొత్తదానికిని ఇచ్చి, జవాబులను వరుసవారీగా సరిపోల్చవలెను. తేడా వచ్చినచోట కొత్తదే ఒప్పని తలంపరాదు. పాతదే ఒప్పనియు తలంపరాదు. ఆ జవాబుపై ఎవరి జీతము, ఎవరి పింఛను ఆధారపడినదో విచారింపవలెను. దీనికి కంప్యూటరు కూడ అవసరము లేదు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఇరువది పుట్టిన తేదీలను రెండంకెల సంవత్సరములతో నల్లబల్లపై వ్రాసి, వయస్సులు కట్టు సూత్రమును పిల్లలచేత చెప్పింపవచ్చును. ఆ జాబితాలో 1948లో పుట్టిన తాతగారి నొకరిని తప్పక చేర్చవలెను.