వెచ్చములేని కళాపోషణము

కళాపోషణ మనగానే మనకు రాజులు, అగ్రహారములు, కనకాభిషేకములు స్మరణకు వచ్చును. ఆ కాలము గడచినది. ఏ సంస్థానమును, ఏ సంస్థను ఆశ్రయింపక తమ యింటి పంచలోనే పనిచేసికొనుచు బ్రతుకు కళాకారులు నేడు మన నడుమ ననేకులు గలరు. వారి ప్రస్తావన వచ్చినపుడెల్ల చదువుకొన్నవారు చెప్పు సమాధాన మొక్కటే: అభిమానము గలదు, ధనము లేదు. ఈ మాట వినయమువలె గన్పట్టును గాని, విచారించినచో తప్పించుకొను మార్గముగనే తేలును. ధనము లేనివాడు చేయదగిన పని యొకటి గలదు. దానిని ధనవంతులును చేయుట లేదు.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవినిగూర్చియే గాక భావకునిగూర్చియు విచారించి, భావకులను నాలుగు తెగలుగ జెప్పెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితో గూడ నన్నింటిని మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఓర్వలేనివాడు మత్సరి. గుణదోషములను వేరుపరచి తత్త్వమును గ్రహించువాడు తత్త్వాభినివేశి. ఈ కడపటివాడు వేయిమందిలో నొక్కడుండిన నుండవచ్చునని యతని తాత్పర్యము. ఈ విభాగమున కలవాడు, లేనివాడు అను భేద మెచ్చటను లేదని మనము గమనింపవలయును.

అట్టి భావకుని మాట కెంత బలము గలదో ఆంగ్లభాషాసాహిత్యము నెరిగినవారికి విదితమే. 1855లో వాల్ట్ విట్మన్ తన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అను కావ్యమును స్వంత వ్యయముతో అచ్చువేయించెను. కొంత టైపును తన చేతులతోనే కూర్చెను. ఒక ప్రతిని ఎమర్సన్‌కు పంపెను. అప్పటికే ప్రఖ్యాతుడైన ఎమర్సన్ ఆ యేడు జూలై 21వ తేదీన అతనికొక లేఖ వ్రాసెను. ఆయన పుస్తకమునైన కొనలేదు. కాని కావ్యమును చదివి, అందలి సాహసమును గుర్తించి, ఆ గుర్తింపును స్పష్టముగ వ్రాసెను. విట్మన్ అనుమతి నడుగకయే దానిని పత్రికలో ప్రకటించెను. అది మర్యాద యగునా కాదా యనుట వేరుమాట. అపరిచితుడైన కవికి ఆ లేఖ యెంత ఊతమో దీనివలననే తెలియుచున్నది.

ఇక మన యింటి సంగతి చూతము. శ్రీకాళహస్తిలో వ్రాతపని యని పిలువబడు కలంకారీని మన మందర మెరుగుదుమని యనుకొందుము. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దారముతో బిగించినదే కలము. వస్త్రమును కరక్కాయ కషాయములోను పాలలోను తడిపి యారబెట్టుదురు. బెల్లముతో ఇనుమును నానబెట్టి పులియజేసిన నీటితో గీసిన గీత, ఆ కరక్కాయ గుణముచే నల్లబడును. ఎరుపునకు పటిక పట్టించి రంగులో నుడికింతురు. నడుమనడుమ పారునీట నుతుకుట, ఎండబెట్టుట. పెడనలో చెక్కఅచ్చులతో అద్దు పనియు కలంకారీయే. దాని నేర్పు దానిది. ఈ రెండును గాక యంత్రముపై నచ్చొత్తిన బట్ట మూడవది. అంగడులలో నది యీ పేరుతోనే చవుకగ నమ్ముడువోవుచున్నది. చేతితో గీచినవాని నెలల శ్రమ, ఆ వెలముందు అత్యాశగ గన్పట్టుచున్నది.

మాటలు కడుపు నింపునా యని యడుగవచ్చును. నింపవు. కాని కొనువానికి భేదము తెలియనిచో వాని ధనమును నకలు వస్త్రమునకే పోవును. 1950ల దశకమున శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలయుటకు కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనిక కారణము. ధనము ప్రభుత్వముదే, ఐనను అది కదలుటకు పూర్వ మొకరి కన్ను ఆ కళ విలువను గుర్తింపవలసివచ్చినది.

కాబట్టి ధనములేనివాడు చేయవలసినవి యివి. పెండ్లికి బట్టలు కొనువారికి గీచినదేదో, అద్దినదేదో, యంత్రముపై నొత్తినదేదో చూపుట. పటమును బొగడునపుడు దానిని వ్రాసినవాని పేరును జెప్పుట. పేరు తెలియకున్న నడిగి తెలిసికొనుట. విద్యార్థులచే నొక గీతనైన గీయించి, దాని కష్టము వారికి దెలియజేయుట. దోషమున్నచో కళాకారునితోనే మర్యాదగ ముచ్చటించుట. గ్రంథాలయమునకు, సభకు, బంధువునకు ఫలానివానిని పిలువుడని చెప్పుట.

చేయరాని పనియు నొకటి గలదు. పాఠశాలల వార్షికోత్సవములకు కళాకారుని రప్పించి, దినమంతయు పని చూపించి, ప్రచారము గలుగునుగదా యని శాలువ కప్పి, దారిఖర్చైన నీయక పంపు నాచారము మావంటి ఉపాధ్యాయులలోనే ప్రబలియున్నది. ఇది వెచ్చములేని పోషణము గాదు. మన వెచ్చమును కళాకారునిపై మోపుట. ఈయలేనివాడు ఈయలేననుటలో సిగ్గు లేదు. ఈయక పుచ్చుకొనుటలో గలదు.