నార్మన్ లూయిస్ పనితనం

బ్యాంకు పరీక్షలకూ ఎస్ఎస్‌సీకీ చదివే పిల్లల చేతుల్లో తరచూ కనిపించే ఇంగ్లీషు పుస్తకం ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’. నార్మన్ లూయిస్ రాసిన ఈ పుస్తకం 1949లో అమెరికాలో వెలువడింది. మన దగ్గర చాలామంది దీన్ని పదాల పట్టీలా బట్టీ పడతారు. అంత మంచి పుస్తకానికి అది అన్యాయమే.

తికమక పెట్టే పదాలను కోచింగ్ మెటీరియల్‌లో జంటలుగా అచ్చువేస్తారు. పక్కపక్కనే చదివిన రెండూ పరీక్ష హాల్లో మళ్లీ కలిసిపోతాయి. లూయిస్ ఆ జంటను విడదీసి, ఒక్కో పదాన్ని దాని చుట్టాల దగ్గరికి పంపుతారు. మిసాజినిస్ట్, మిసాగమిస్ట్ రెండింటికీ మొదట్లో ఉన్నది ద్వేషమే. మొదటిదాంట్లో గ్రీకు ‘గైనే’ ఉంది, అంటే స్త్రీ. ఆసుపత్రి బోర్డు మీది గైనకాలజిస్టు దాని చుట్టమే. రెండోదాంట్లో ‘గామోస్’, పెళ్లి. మోనోగమీ, బైగమీ దాని సంతానం. ఇది తెలిశాక స్త్రీద్వేషి ఎవరో, పెళ్లంటే గిట్టనివాడెవరో ఇక తారుమారు కావు.

పీడియాట్రీషియన్ దగ్గర ఆయన చెయ్యి ఇంకా బాగా తెలుస్తుంది. గ్రీకులో ‘పైడోస్’ అంటే బిడ్డ, కనుక పిల్లల డాక్టరు. మరి పెడల్‌లో, పెడస్ట్రియన్‌లో ఉన్నది పాదం కదా? చురుకైన విద్యార్థికి రావలసిన సందేహమే ఇది. అది రాకముందే లూయిస్ బ్రాకెట్లో ఒక్క వాక్యం పెట్టి తేల్చేస్తారు: అది లాటిన్ ‘పెడిస్’, అక్షరాలు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆర్థోపెడిక్స్‌లో ఉన్నది కూడా పాదం కాదు, బిడ్డే. పిల్లల శరీరంలోని వంకరలను సరిచేసే విద్యకు 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ పెట్టిన పేరది. ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిసి అక్కడే చెయ్యి అందించడం పాఠం చెప్పి చెప్పి పండినవారికే సాధ్యం.

ఉచ్చారణ, స్పెల్లింగు మాత్రం అమెరికావి. బ్రిటిష్ పద్ధతిలో రాసేవాళ్లు తేడాలను అంచున రాసుకోక తప్పదు.

అభ్యాసాల వరస చూడండి. ముందు పదాన్ని పైకి పలకమంటారు. తర్వాత అర్థంతో జతపరచమంటారు, అవునో కాదో చెప్పమంటారు. చివరికి అర్థం మాత్రమే ఇచ్చి, పదాన్ని గుర్తు తెచ్చుకుని రాయమంటారు. పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఉంటాయన్న ధీమాతో ఈ ఆఖరిదాన్నే మనవాళ్లు వదిలేస్తారు. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆప్షన్లుండవు.